‘మర్మర్’: మాటలు అర్థం కాకపోయినా మనసు వదలని తొలి ఆల్బమ్

అమెరికన్ రాక్ బ్యాండ్ ఆర్.ఇ.ఎమ్. తొలి ఆల్బమ్ ‘మర్మర్’ను అందరూ ఆకాశానికెత్తుతుంటే మీరు రెండుసార్లు విన్నారు. ట్యూన్లు బావున్నాయనిపించింది గానీ గాయకుడు ఏం పాడుతున్నాడో ఒక్క ముక్క అర్థం కాలేదు. సాహిత్యం వెతికి, ఎదురుగా పెట్టుకుని వింటే ఇంకా అయోమయంగా ఉంది. ‘1983 నాటి ఈ గొణుగుడుని ఇప్పటికీ ఎందుకు వింటున్నారు? నాకేదైనా పట్టుబడడం లేదా?’ అని అడిగారు.

మీరు సరిగ్గానే విన్నారు. ఆ సాహిత్యం కాగితం మాత్రం పక్కన పెట్టేయండి. ఆ బ్యాండ్ వాళ్ళే దాన్ని మీ చేతికి ఇవ్వదలచుకోలేదు. ‘మర్మర్’ కవరు మీద పాటల సాహిత్యం అచ్చు వేయలేదు. తర్వాత వచ్చిన ఆల్బమ్‌లలోనూ వేయలేదు. 1988లో ‘గ్రీన్’లో ఒకే ఒక్క పాటకు వేశారు. ఆల్బమ్ మొత్తానికి వేసింది 1998లో, ‘అప్’తో. అంటే పదిహేనేళ్ళు ఆగారు. ఈలోగా జనం చెవికి తోచినట్టు రాసుకున్నవే చేతులు మారాయి. మీరు చూసింది కూడా అలాంటిదే అయి ఉండొచ్చు.

నేను ఇరవై ఏళ్ళకు పైగా రికార్డింగ్, మిక్సింగ్ పనిలో ఉన్నాను. అంతకుముందు గిటార్ వాయించేవాణ్ణి. ఈ ఆల్బమ్ నా చేతికి మొదట ఒక స్నేహితుడు కాపీ చేసి ఇచ్చిన క్యాసెట్‌గా వచ్చింది. దాని మీద బాల్‌పెన్‌తో పాటల పేర్లు తప్ప ఇంకేమీ లేవు. ఎవరు పాడారో, ఏ ఊరివాళ్ళో తెలియకుండానే నెలల తరబడి విన్నాను. అందుకని మీ అయోమయం నాకు బాగా తెలుసు.

వీళ్ళు అమెరికాలో జార్జియా రాష్ట్రం, ఏథెన్స్ అనే యూనివర్సిటీ ఊరివాళ్ళు. మైకల్ స్టైప్ పాడతాడు, పీటర్ బక్ గిటార్, మైక్ మిల్స్ బేస్ గిటార్, బిల్ బెర్రీ డ్రమ్స్. బక్ రికార్డుల షాపులో పనిచేసేవాడు, స్టైప్ ఆర్ట్ విద్యార్థి. 1980 ఏప్రిల్ 5న ఒక పాత చర్చి భవనంలో స్నేహితురాలి పుట్టినరోజు పార్టీలో మొదటిసారి వాయించారు. 1981లో హిబ్-టోన్ అనే చిన్న లేబుల్ (రికార్డుల కంపెనీ) మీద ‘రేడియో ఫ్రీ యూరప్’ సింగిల్, 1982లో ఐ.ఆర్.ఎస్. రికార్డ్స్ ద్వారా ‘క్రానిక్ టౌన్’ అనే ఐదు పాటల రికార్డు వచ్చాయి. ఆల్బమ్ దాకా వచ్చేసరికి దక్షిణాది ఊళ్ళలో చిన్న చిన్న క్లబ్బుల్లో వాయించి వాయించి బాగా రాటుదేలారు. ఇది గుర్తుపెట్టుకోండి. ‘మర్మర్’ మబ్బుగా వినిపిస్తుంది గానీ దాన్ని వాయించినవాళ్ళ చేతులు చాలా గట్టివి.

దీనికంతా కీలకం రికార్డింగ్ మొదలు కాకముందు జరిగిన ఒక సంగతిలో ఉంది. లేబుల్ వాళ్ళు ముందు స్టీఫెన్ హేగ్ అనే నిర్మాతతో (అంటే రికార్డింగ్‌ను దగ్గరుండి నడిపించే మనిషితో) ‘కేటపుల్ట్’ పాట చేయించి చూశారు. ఆయన సమర్థుడే, తర్వాత పెట్ షాప్ బాయ్స్, న్యూ ఆర్డర్ లాంటి వాళ్ళతో మంచి రికార్డులు చేశాడు. కానీ ఇక్కడ కుదరలేదు. ఒకే పాటను టేక్ మీద టేక్ వాయించమన్నాడు, తాళం గీత తప్పకూడదన్నాడు. ఎక్కువగా నలిగిపోయినవాడు డ్రమ్మర్ బెర్రీ. అంతా అయ్యాక హేగ్ వీళ్ళని అడక్కుండా దాని మీద సింథసైజర్లు కలిపాడు. అది విని బ్యాండ్ ససేమిరా అంది. ‘క్రానిక్ టౌన్’ చేసిన మిచ్ ఈస్టర్ దగ్గరికే వెళ్తామన్నారు. లేబుల్ వాళ్ళు వెంటనే ఒప్పుకోలేదు, ముందు ఒక పాట చేసి చూపించమన్నారు. ఈస్టర్, ఆయన జోడీ డాన్ డిక్సన్ కలిసి నార్త్ కరోలినాలోని షార్లట్‌లో, రిఫ్లెక్షన్ సౌండ్ స్టూడియోలో ‘పిల్‌గ్రిమేజ్’ చేసి వినిపించారు. అది నచ్చి సరే అన్నారు. 1983 జనవరి, ఫిబ్రవరి నెలల్లో మిగతా ఆల్బమ్ అక్కడే పూర్తయింది, ఏప్రిల్‌లో బయటికొచ్చింది.

ఆ చేదు అనుభవంతో వీళ్ళు స్టూడియోలోకి వెళ్ళేటప్పుడు తమకు ఏం అక్కర్లేదో తేల్చుకునే వెళ్ళారు. గిటార్ సోలోలు వద్దు. అప్పుడు ఎక్కడ చూసినా మోగుతున్న సింథసైజర్లు వద్దు. ఆ ఏడాది రేడియో ఎలా ఉందో ఊహించుకోండి: పెద్ద గదిలో కొట్టినట్టు ప్రతిధ్వనించి టక్కున ఆగిపోయే డ్రమ్స్, మెరిసే కీబోర్డులు, అన్నిటికంటే ముందుకొచ్చి నిలబడే గొంతు. ఆనాటి రికార్డుల్లో చాలావాటిని ఇప్పుడు వింటే పది సెకన్లలో ఏ ఏటివో చెప్పేయొచ్చు. ‘మర్మర్’కు ఆ తేదీ ముద్ర పడలేదు. డ్రమ్స్ పొడిగా, దగ్గరగా ఉంటాయి, గిటార్లు గిటార్లలాగే ఉంటాయి. నలభై ఏళ్ళ తర్వాత కూడా ఇది పాతబడినట్టు అనిపించకపోవడానికి నా లెక్కలో మొదటి కారణం ఇదే. వాళ్ళు కలిపినవాటి కంటే వద్దన్నవే ఈ రికార్డును కాపాడాయి.

ఇక మీ అసలు ఇబ్బంది, గొంతు సంగతికి వస్తాను.

స్టైప్ ఈ ఆల్బమ్‌ను మిగతావాళ్ళకు కనపడకుండా, కంట్రోల్ రూమ్ పక్కన మెట్ల దగ్గర చీకట్లో నిలబడి పాడాడు. అప్పటికి అతను బాగా సిగ్గరి. ఆ ఏడాది అక్టోబర్‌లో డేవిడ్ లెటర్‌మన్ టీవీ షోలో మొదటిసారి కనిపించినప్పుడు, లెటర్‌మన్ వచ్చి పలకరిస్తే బక్, మిల్స్ మాట్లాడారు గానీ ఇతను వెనక్కి వెళ్ళి డ్రమ్స్ గట్టు మీద కూర్చున్నాడు. (ఆ రోజు వాయించిన రెండో పాటకు అప్పటికింకా పేరు కూడా పెట్టలేదు. తర్వాత అది ‘సో. సెంట్రల్ రెయిన్’ అయింది.) కానీ గొంతు మిక్స్‌లో వెనక ఉండడానికి సిగ్గు ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. అక్కడ గొంతు మిగతా మూడు వాయిద్యాల పక్కన నాలుగో వాయిద్యం. బేస్‌కు ఎంత చోటు ఇచ్చారో దానికీ దాదాపు అంతే ఇచ్చారు.

దీనికి నాకు తెలిసిన మంచి రుజువు రెండో ఆల్బమ్ ‘రెకనింగ్’ రికార్డింగ్ నాటిది. అదే స్టూడియో, అదే నిర్మాతలు. ఒక పాట పాడుతుంటే స్టైప్‌కు ఊపు రావడం లేదు. డిక్సన్ అక్కడ దొరికిన ఒక భక్తి గీతాల ఎల్పీ రికార్డు తీసి ఇచ్చాడు. స్టైప్ దాని అట్ట వెనక అచ్చయిన వచనాన్ని, గాయకుల పరిచయంతో సహా, ఉన్నది ఉన్నట్టు ఆ ట్యూన్‌లో పాడేశాడు. ఆ రికార్డింగ్‌ను తర్వాత ‘వాయిస్ ఆఫ్ హెరాల్డ్’ పేరుతో విడుదల కూడా చేశారు. ఒకసారి వినండి. ఎల్పీ అట్ట మీది ప్రకటన వచనం వింటూ గొంతులో ఏదో అడ్డుపడినట్టవుతుంది. మాటల అర్థం ఏమీ చేయని చోట కూడా ఆ గొంతు పని చేస్తుందని అప్పుడు తెలుస్తుంది.

అలాగని మాటలు ఉత్తి చెత్త అనడం లేదు. ‘లాఫింగ్’లో గ్రీకు పురాణంలోని లావోకూన్ వస్తాడు. ట్రాయ్ కథలో, ఇద్దరు కొడుకులతో సహా పాములు చుట్టేసి చంపిన పూజారి. స్టైప్ అతన్ని ఆడమనిషిని చేసి పాడతాడు. ‘టాక్ అబౌట్ ద ప్యాషన్’లో ఉన్న మాటలే పిడికెడు, వాటి మధ్య ‘ఎంతకాలం’ అనే అర్థం వచ్చే ఫ్రెంచ్ మాట ఒకటి. అంటే రాసేటప్పుడు తెలిసే రాశాడు. కాకపోతే వాక్యం పూర్తి చేసి మీ చేతిలో పెట్టడు. సగం వినపడి, సగం మీరు పూరించుకునేలా వదిలేస్తాడు. నేను ‘సిట్టింగ్ స్టిల్’కు నా సొంత మాటలు పెట్టుకుని ఏళ్ళ తరబడి పాడుకున్నాను. అసలు మాటలు తెలిశాక కూడా నోటికి నావే వస్తున్నాయి. ఈ ఆల్బమ్‌ను ఏళ్ళుగా వింటున్న వాళ్ళను అడిగి చూడండి, ప్రతి ఒక్కరి దగ్గరా ఇలాంటి సొంత ప్రతి ఒకటి ఉంటుంది.

గొంతును వెనక పెట్టడం ఎంత కష్టమో ఈ వృత్తిలోకి వచ్చాక తెలిసింది. ఒక కుర్ర బ్యాండ్ తొలి ఆల్బమ్‌కు మిక్సింగ్ చేస్తున్నాను. గాయని గొంతు గిటార్ల మధ్య కూరుకుపోయి ఉంటుంది, అదే ఆ పాటల అందం. డబ్బు పెట్టినాయన విని ‘మాటలు వినపడడం లేదు, పైకి లేపండి’ అన్నాడు. నేనూ ఎక్కువ వాదించకుండా మూడు డెసిబెల్స్ పెంచాను. మాటలు స్పష్టంగా వినపడ్డాయి. పాట చచ్చిపోయింది. అంతకుముందు ఒక గదిలో నలుగురు కలిసి వాయిస్తున్నట్టు ఉన్నది, ఇప్పుడు ఒకమ్మాయి ముందుకొచ్చి నిలబడితే వెనక ఎవరో సహకారం వాయిస్తున్నట్టయింది. ఆ రాత్రి ఇంటికెళ్ళి ‘పిల్‌గ్రిమేజ్’ నాలుగైదు సార్లు విన్నాను. మర్నాడు పొద్దున గొంతును మళ్ళీ దించేసి, ఆయనకు ఫోన్ చేసి ఎందుకు దించానో చెప్పాను. నిజంగా టెన్షన్ పడ్డ ఫోన్ కాల్ అది. ఆయన ఒప్పుకున్నాడు.

సరే, గొంతు ముందు లేకపోతే మరి ముందు ఏముంది? బేస్ ఉంది. ఈసారి స్టైప్‌ను వదిలేసి మైక్ మిల్స్‌ను పట్టుకుని వినండి. మామూలుగా బేస్ అడుగున ఉండి గిటార్ కార్డ్స్‌ను (కలిపి మోగించే స్వరాలను) మోస్తుంది. మిల్స్ బేస్ పాడుతుంది. ట్యూన్‌ను సగం దాకా అతనే నడిపిస్తాడు. బక్ తన రికెన్‌బ్యాకర్ గిటార్ మీద కార్డ్స్‌ను ఒక్కసారిగా బాదకుండా తీగల్ని విడివిడిగా మీటుతూ పోతాడు కాబట్టి బేస్‌కు అంత ఖాళీ దొరికింది. దాని మీద మిల్స్, బెర్రీ వెనక నుంచి పాడేవి కోరస్ పాటలు కావు, వేరే ట్యూన్లు. చాలాచోట్ల స్టైప్ ఒక మాట మీద, వాళ్ళు వేరే మాట మీద ఉంటారు. మూడు గొంతులు, మూడు దారులు. మాటలు అర్థం కాకపోవడానికి ఇదీ ఒక కారణమే.

గిటార్ వాయించే రోజుల్లో ‘టాక్ అబౌట్ ద ప్యాషన్’ మొదట వచ్చే ఆ మీటుడు నేర్చుకోవడానికి కూర్చున్నాను. ఒక సాయంత్రంలో వచ్చేసింది. వేళ్ళకు కష్టమేమీ కాదు. కానీ నేను వాయిస్తే నీళ్ళలా పల్చగా ఉంది. రికార్డులో అదే వరస నిండుగా, కొంచెం దుఃఖంగా వినిపిస్తుంది. తీగలు మార్చాను, యాంప్లిఫయర్ మార్చాను, ఏమీ లాభం లేకపోయింది. కొన్నాళ్ళకు మంచి హెడ్‌ఫోన్స్ దొరికి విన్నప్పుడు తెలిసింది, ఆ ఎలక్ట్రిక్ గిటార్ కింద అకూస్టిక్ గిటార్ నడుస్తోంది. చెవికి విడిగా తెలియనంత మెల్లగా. ఇంకాస్త ముందుకెళ్తే ఒక సెల్లో వచ్చి కలుస్తుంది. ఆల్బమ్ అంతా ఇలాంటి పనితనమే. పై పొరలో నలుగురు కుర్రాళ్ళు వాయిస్తున్నట్టుంటుంది, కింద ఈస్టర్, డిక్సన్ పరిచిన పొరలు ఉంటాయి.

వాళ్ళు చేసిన చిలిపి పనుల్లో రెండు చెప్పాలి. ‘రేడియో ఫ్రీ యూరప్’ మొదలవడానికి ముందు గరగరమని ఒక వింత శబ్దం వస్తుంది కదా, అది పొరపాటున టేపు మీద పడిన కరెంటు హమ్. దాన్ని చెరిపేయకుండా, మిల్స్ బేస్‌కు తగ్గట్టు తెరుచుకుని మూసుకునేలా నాయిస్ గేట్ (శబ్దాన్ని తలుపులా వదిలి ఆపే పరికరం) గుండా పంపారు. రేడియోలో స్టేషన్ వెతుకుతున్నట్టు ఉంటుంది. పాట పేరుకు సరిగ్గా అతికింది. ఇంకోటి ‘వి వాక్’లో దూరంగా ఉరిమినట్టు వినిపించేది. అది ఉరుము కాదు, బిలియర్డ్స్ బంతులు ఒకదాన్నొకటి కొట్టుకునే శబ్దాన్ని రికార్డు చేసి వేగం తగ్గించి వాడారు. సింథసైజర్ వద్దన్నవాళ్ళు శబ్దాలతో ఆడుకోవడం వద్దనలేదు.

అన్ని పాటలూ ఒకే ఎత్తులో లేవు. ‘9-9’ నాకు ఇప్పటికీ పెద్దగా ఎక్కలేదు. ‘వి వాక్’ కూడా ఆ ఉరుము తీసేస్తే కాస్త తేలికైన పాటే. ‘రేడియో ఫ్రీ యూరప్’ విషయంలో పాతకాలం అభిమానులు చాలామంది 1981 సింగిలే మేలంటారు, అది ఇంకా వేగంగా, మొరటుగా ఉంటుంది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది కూడా ఆ పాతదాన్నే. విడిగా వింటే నా ఓటు కూడా దానికే. ఆల్బమ్ తలుపు తీయడానికి మాత్రం ఈ నెమ్మది వెర్షనే సరిపోతుంది.

‘అందరూ గొప్పగా చెప్తారు’ అన్నారు. ఆనాడు పరిస్థితి మరీ అలా లేదు. ఆ ఏడాది రోలింగ్ స్టోన్ పత్రిక విమర్శకులు మైకల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ను కూడా దాటి దీన్ని ఏటి మేటి ఆల్బమ్‌గా ఎంచుకున్న మాట నిజమే. కానీ బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో 36 దాటి పైకి పోలేదు, ‘రేడియో ఫ్రీ యూరప్’ సింగిల్ 78 దగ్గర ఆగింది. ఏడాది చివరికి అమ్ముడైనవి దాదాపు 2 లక్షల కాపీలు. లేబుల్ అంతకంటే ఎక్కువే ఆశించింది. అమెరికాలో ఐదు లక్షల కాపీలకు ఇచ్చే గోల్డ్ గుర్తింపు 1991లో గానీ రాలేదు. వాళ్ళు ‘లూజింగ్ మై రిలిజియన్’తో ప్రపంచమంతా మోగిపోయిన ఏడాది అది. ‘మర్మర్’ను మోసింది కాలేజీ రేడియో స్టేషన్లు, చేతులు మారిన క్యాసెట్లు. ‘ఆల్టర్నేటివ్’ అనే పేరు ఇంకా స్థిరపడలేదు, అప్పట్లో ‘కాలేజ్ రాక్’ అనేవారు. తర్వాతి తరంలో పేవ్‌మెంట్ బ్యాండ్ ఆర్.ఇ.ఎమ్. మీద ఏకంగా ఒక పాటే రాసింది. నిర్వాణ బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబేన్ వీళ్ళను ఎంత అభిమానించేవాడో అతని ఇంటర్వ్యూల్లో కనిపిస్తుంది.

కవర్ ఫొటో కూడా ఒకసారి పెద్దది చేసి చూడండి. అది కుడ్జూ అనే తీగ. జపాన్ నుంచి అమెరికాకు వచ్చి, నేల కోత ఆపడానికని నాటితే దక్షిణాది అంతా అల్లుకుపోయింది. చెట్లు, స్తంభాలు, పాడుబడ్డ ఇళ్ళు, అన్నిటినీ కప్పేస్తుంది. కింద ఏముందో ఆకారం బట్టి ఊహించుకోవాలి. పాటల్లో మాటలూ అంతే. వెనక అట్ట మీద ఉన్నది ఏథెన్స్‌లోని పాత చెక్క రైలు వంతెన. దాన్ని కూల్చాలనుకున్నప్పుడు జనం అడ్డుపడ్డారు. ఇప్పటికీ అభిమానులు ఆ చోటు చూడడానికి వెళ్తుంటారు.

బ్యాండ్ 2011లో విడిపోయింది. బెర్రీ అంతకు చాలా ముందే, 1997లో, వెళ్ళిపోయాడు. అయినా నటుడు మైకల్ షానన్, గిటారిస్ట్ జేసన్ నార్డూసీ కొందరు వాయిద్యకారులను కూర్చుకుని ‘మర్మర్’ను మొదటి పాట నుంచి చివరి పాట దాకా వాయిస్తూ ఊళ్ళు తిరిగారు. 2024 ఫిబ్రవరిలో ఏథెన్స్‌లోని 40 వాట్ క్లబ్‌కు వచ్చినప్పుడు ఆర్.ఇ.ఎమ్. నలుగురూ ఒకే రాత్రి వేదిక మీదికి వచ్చారు. ఆ వీడియోలు చూస్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోను.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెప్తాను. షఫుల్ ఆపేయండి. మొత్తం పన్నెండు పాటలు, 44 నిమిషాలు, కానీ ఒకేసారి వద్దు. ఎల్పీ రికార్డులో మొదటి వైపు ఆరు పాటలే ఉంటాయి, ఈ రాత్రికి అవి చాలు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వాల్యూమ్ మామూలుగా వినేదానికంటే కొంచెం తగ్గించి, బేస్ వెంట వెళ్ళండి. ఆరో పాట ‘పర్ఫెక్ట్ సర్కిల్’. దీని సంగీతం ఎక్కువగా డ్రమ్మర్ బెర్రీది. అందులో ఒకే వరసను రెండు పియానోల మీద వాయించారు. ఒకటి మంచి గ్రాండ్ పియానో, రెండోది శ్రుతి కొంచెం కదిలిన పాతది. ఆ రెండింటి మధ్య ఉన్న వెంట్రుకవాసి తేడా వల్లే ఆ పాట అలా వణుకుతుంది. ఎడమ చెవిని, కుడి చెవిని మార్చి మార్చి పెట్టి ఆ రెండో పియానో ఎక్కడుందో వెతకండి. దొరికాక రెండోవైపు రేపు పెట్టుకోండి, అది ‘కేటపుల్ట్’తో మొదలవుతుంది. హేగ్ దగ్గర టేక్ మీద టేక్ వాయించి విసిగిపోయిన పాట అదే. బెర్రీ ఈసారి ఎంత హాయిగా వాయిస్తున్నాడో వినండి.